డైవర్ డౌన్: మూడు కొత్త పాటల ఆల్బమ్ మీద నలభై ఏళ్ల తగువు

అమెరికా రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ అభిమానులు ఇద్దరు కలిస్తే 1978 నాటి తొలి ఆల్బమ్ గొప్పదని వెంటనే ఒప్పేసుకుంటారు. ‘1984’ అనే ఆల్బమ్ దగ్గరా పెద్ద పేచీ ఉండదు. 1982 నాటి ‘డైవర్ డౌన్’ పేరెత్తితే మాత్రం మాటా మాటా పెరుగుతుంది. బ్యాండ్ ఇంత హాయిగా, సరదాగా ఇంకెక్కడా వినిపించలేదని ఒకరంటారు. అసలది ఆల్బమే కాదు, కంపెనీ తొందరపెడితే చేతికందిన ముక్కలన్నీ అతికించి ఇచ్చిన సరుకు అని ఇంకొకరంటారు.

వింత ఏమిటంటే, ఇద్దరూ చూపించే ఆధారాలు ఒకటే. పన్నెండు ట్రాకులు, అందులో ఐదు వేరేవాళ్ల పాటలు, అంతా కలిపి 31 నిమిషాలు. ఒకే లెక్క చూసి ఒకరు మెచ్చుకుంటున్నారంటే, ఇంకొకరు తిడుతున్నారంటే, తగువు లెక్క గురించి కాదన్నమాట. ఆల్బమ్ అంటే ఏమిటి, బ్యాండ్ నుంచి మనం ఏం కొనుక్కుంటున్నాం అన్న దాని గురించి.

బ్యాండ్ పేరు కొత్తగా అనిపించేవాళ్లకు ఒక్క మాట. మైకేల్ జాక్సన్ ‘బీట్ ఇట్’ మధ్యలో ఒక గిటార్ సోలో వస్తుంది కదా, అది వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్. ఆ పాట ఉన్న ‘థ్రిల్లర్’ కూడా 1982లోనే వచ్చింది. ఎడ్డీ గిటార్, అన్న అలెక్స్ డ్రమ్స్, మైకేల్ ఆంథనీ బాస్, డేవిడ్ లీ రాత్ గొంతు: ఈ నలుగురూ కాలిఫోర్నియాలోని పసడెనా చుట్టుపక్కల పెరటి పార్టీల్లో, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో వాయించి పైకొచ్చారు. అక్కడ జనం అడిగేవి అప్పటి హిట్ పాటలే. అంటే వేరేవాళ్ల పాటలు వాయించడం వీళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. తొలి ఆల్బమ్‌లోనే కింక్స్ బ్యాండ్ పాట ఒకటి, జాన్ బ్రిమ్ అనే బ్లూస్ కళాకారుడి పాట ఒకటి ఉన్నాయి. రెండో ఆల్బమ్ మొదలయ్యేది కూడా వేరేవాళ్ల పాటతోనే. అప్పుడు ఎవరికీ కోపం రాలేదు. 1982లో ఎందుకొచ్చింది?

సమాధానం కొంత 1981లో ఉంది. ఆ ఏడు వచ్చిన ‘ఫెయిర్ వార్నింగ్’ ముదురు రంగు ఆల్బమ్. పాటలు బరువు, గిటార్ కరుకు, నవ్వు తక్కువ. ఎడ్డీ తన ఇష్టప్రకారం లోతుకు వెళ్లిన రికార్డు అది. గిటారిస్టులకు పండగే కానీ, రేడియోలో మోగే పాట దొరకలేదు, ముందువాటి వేగంతో అమ్ముడూపోలేదు. టూర్ ముగిశాక బ్యాండ్ కొన్నాళ్లు ఆగుదామనుకుంది. మరీ కనుమరుగు కాకుండా ఒక్క సింగిల్ వదిలితే చాలనుకున్నారు. రాయ్ ఆర్బిసన్ 1964లో నంబర్ వన్ చేసిన ‘ఓ ప్రెట్టీ వుమన్’ పాడి వదిలారు. అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 12వ స్థానం దాకా ఎక్కింది.

వచ్చిన చిక్కల్లా అదే. సింగిల్ మోగుతుంటే, దుకాణానికి వచ్చినవాడికి అమ్మడానికి ఆల్బమ్ లేదు. వార్నర్ బ్రదర్స్ కంపెనీ వెంటనే కావాలంది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్‌తో కలిసి కొద్ది రోజుల్లో చుట్టేశారు. అప్పటికి కొత్త పాటలు రాసుకునే తీరిక లేదు, విశ్రాంతి మాట ఎటూ పోయింది.

ఇప్పుడు ఆ 31 నిమిషాలను కొంచెం విడదీసి చూద్దాం. వేరేవాళ్ల ఐదు పాటలకు దాదాపు 13న్నర నిమిషాలు పోతాయి. మాటల్లేని మూడు చిన్న వాద్య ముక్కలకు ఇంకో మూడున్నర. మిగిలేది సుమారు 14 నిమిషాలు, నాలుగు పాటలు. ఆ నాలుగింట్లో ‘హ్యాంగ్ ఎమ్ హై’ 1977 డెమో (నమూనా రికార్డింగ్) కాలం నాటి పాటకు కొత్త మాటలు తొడిగింది. అంటే పూర్తిగా కొత్తవని చెప్పదగ్గవి మూడే: ‘సీక్రెట్స్’, ‘లిటిల్ గిటార్స్’, ‘ద ఫుల్ బగ్’. నిడివి తక్కువన్న ఫిర్యాదును మాత్రం నేను పట్టించుకోను. ‘ఫెయిర్ వార్నింగ్’ కూడా 31 నిమిషాలే, దాన్నెవరూ పొట్టిదనలేదు. సాగదీయకుండా ఆపేయడం ఆ బ్యాండ్ అలవాటు. వెలితి నిడివిలో లేదు.

తెలుగు శ్రోతకు ఇక్కడ ఒక సందేహం రావాలి. వేరేవాళ్ల పాట పాడితే తప్పేంటి? మన కచేరీలో త్యాగరాజ కృతి పాడిన విద్వాంసుణ్ని “నీ సొంతవి లేవా” అని ఎవరూ అడగరు. సినిమా పాటకైతే రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది మరొకరు. పాడిన తీరును బట్టే గాయకుడి విలువ. రాక్‌లో కూడా మొదట్లో ఇంతే. బీటిల్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలుంటే ఆరు వేరేవాళ్లవి. 1960ల మధ్యకొచ్చేసరికి బీటిల్స్ వాళ్లే ఆ పద్ధతి మార్చేశారు. తన పాట తను రాసుకున్నవాడే అసలు బ్యాండ్ అనే లెక్క స్థిరపడిపోయింది. 1982 నాటికి ఐదో ఆల్బమ్ చేస్తున్న పెద్ద బ్యాండ్, అందులో సగానికి దగ్గరగా పరాయి పాటలు పెట్టిందంటే, జనానికి వినబడింది ఒకటే: వీళ్ల దగ్గర సరుకు అయిపోయింది.

దీనికో డబ్బు కోణం కూడా ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. అనుమతి అడగనక్కర్లేదు, నిర్ణయించిన రుసుము కడితే చాలు. 1982లో ఆ రుసుము పాటకు, అమ్ముడైన ప్రతి కాపీకి 4 సెంట్లు. సొంత పాటైతే అది నలుగురి జేబులోకి వస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో పాటలన్నీ నలుగురి పేరు మీదే ఉండేవి. పరాయి పాటైతే కింక్స్ పాటలు రాసే రే డేవిస్‌కో, ఆర్బిసన్‌కో వెళ్లిపోతుంది. ‘డైవర్ డౌన్’ ఒక్క అమెరికాలోనే 40 లక్షల కాపీలు దాటి అమ్ముడైంది కాబట్టి ఇది చిల్లర వ్యవహారం కాదు. అయినా ఎడ్డీ కోపం డబ్బు కోసమే అనుకోవడం అన్యాయం. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ ఐదు పాటలనూ ఒకే గాటన కట్టడం ఆపాలి. మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ చేసే పొరపాటు ఇదే.

మొదటిది, కింక్స్ పాట ‘వేర్ హావ్ ఆల్ ద గుడ్ టైమ్స్ గాన్’. క్లబ్బు రోజుల నుంచీ కింక్స్ పాటలు వీళ్లకు కొట్టిన పిండి, ఆ ధీమా వినిపిస్తుంది. కానీ తొలి ఆల్బమ్‌లోని కింక్స్ పాటలో ఇల్లు తగలబడుతున్నంత తీవ్రత ఉంది. ఇందులో ఉన్నది నైపుణ్యం మాత్రమే. బాగుంది, అంతే.

‘ప్రెట్టీ వుమన్’ అసలు పాటను పెద్దగా కదిలించదు. అందరికీ తెలిసిన ఆ గిటార్ వరసనే లావు శబ్దంతో వాయించి, సందుల్లో ఎడ్డీ తన చిలిపి విరుపులు పెడతాడు. దీనికి ముందు వచ్చే ‘ఇంట్రూడర్’ అనే గరగరల ముక్క పుట్టుక తమాషాగా ఉంటుంది. వీడియో తీస్తే అది పాటకన్నా పొడుగైంది. మిగిలిన బొమ్మకు శబ్దం కావాల్సి వచ్చి దాన్ని తయారుచేశారు. అంతా చేశాక, కట్టేసి ఉన్న స్త్రీ పాత్రను ఇద్దరు వేధించే దృశ్యం వల్ల పాటల చానల్ ఎంటీవీ ఆ వీడియోను నిషేధించింది. బొమ్మ పోయింది, ఖాళీ నింపడానికి చేసిన శబ్దం మాత్రం ఆల్బమ్‌లో నిలిచిపోయింది. నాకైతే ఆ నిమిషంన్నర అసలు పాటకన్నా ఎక్కువ భయపెడుతుంది, ఎక్కువ గుర్తుంటుంది.

ఇక అసలు గొడవ ‘డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్’. మార్తా అండ్ ద వాండెల్లాస్ 1964లో మోటౌన్ అనే రికార్డు కంపెనీకి పాడిన పాట. ఇది మొదలవగానే మనకు వినిపించేది గిటార్ కాదు, మినీమూగ్ సింథసైజర్ మీద ఉరకలేసే వరస. ఎడ్డీ దాన్ని తన సొంత పాట కోసం కట్టుకున్నాడు. టెంపుల్‌మన్, రాత్ అది విని, ఈ మోటౌన్ పాటకు సరిగ్గా సరిపోతుందన్నారు. అలా ఆ వరస పాత పాట కింద పునాదిగా పోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. కింద సింథ్ ఏదో కొత్త ఊరికి బయలుదేరుతున్నట్టు పరిగెడుతుంటుంది, పైన రాత్ అందరికీ తెలిసిన పాట తెలిసినట్టే పాడేస్తుంటాడు. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఎడ్డీ తర్వాత ఇంటర్వ్యూల్లో మొత్తుకున్నది కూడా ఇదే: పరాయి పాటను సొంతంలా వినిపించడానికి కొత్త పాట రాసినంత శ్రమ పడుతుంది, అంత శ్రమా పడితే జనం అచ్చం పాతదానిలానే ఉందని తోసిపారేశారు అని. పరాయి పాటతో నెగ్గడంకన్నా సొంత పాటతో బోల్తా పడటమే తనకు ఇష్టమని కూడా చెప్పాడు.

ఈ ఆల్బమ్‌లో అత్యంత బలహీనమైనది ఇదేనని నా అభిప్రాయం. అదే సమయంలో భవిష్యత్తు తొంగిచూసేది కూడా ఇక్కడే. రెండేళ్ల తర్వాత సింథ్ వరస మీదే నడిచే ‘జంప్’ వాళ్ల ఏకైక నంబర్ వన్ పాటైంది.

ఈ మూడింటినీ చూసి కవర్ పాటల (వేరేవాళ్లవి తిరిగి పాడినవాటి) మీద తీర్పు రాసేద్దామనుకుంటే ‘బిగ్ బ్యాడ్ బిల్’ అడ్డం పడుతుంది. 1924 నాటి పాట. ఒకప్పుడు ఊరిని వణికించిన రౌడీ బిల్, పెళ్లయ్యాక ఇంట్లో అంట్లు తోముకుంటూ బుద్ధిగా ఉంటాడని ఎగతాళి. హార్డ్ రాక్ ఆల్బమ్‌లో ఎవరూ ఊహించనంత మెత్తగా వాయించారు. ఇందులో క్లారినెట్ వాయించింది ఎడ్డీ, అలెక్స్‌ల తండ్రి యాన్ వాన్ హేలెన్. హాలండ్‌లో వృత్తిరీత్యా సంగీతకారుడు. 1962లో భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని అమెరికా వచ్చాక బతుకుతెరువుకు రకరకాల పనులు చేశాడు. ఒక వేలు దెబ్బతిన్నాక చాలాకాలం క్లారినెట్‌కు దూరమయ్యాడు. కొడుకులు పట్టుబట్టి స్టూడియోకు పిలిపించారు. అప్పటికే లక్షల రికార్డులు అమ్మిన కొడుకుల మధ్య కూర్చుని ఆయన టెన్షన్ పడ్డాడట. పాటలో ఆ టెన్షన్ ఎక్కడా కనిపించదు. ఎడ్డీ ఇక్కడ విన్యాసాలు మానేసి, నాన్న వెనకాల తాళం వేసే కుర్రాడిలా వాయిస్తాడు. యాన్ 1986లో చనిపోయాడు. కవర్ పాటలన్నీ పక్కన పెట్టి వినే అభిమానులు దీన్ని కూడా ఎగరగొట్టేస్తారు, జాలేస్తుంది.

చివరిది ‘హ్యాపీ ట్రెయిల్స్’. పాత కౌబాయ్ కార్యక్రమం ముగింపు పాటను వాద్యాల్లేకుండా నలుగురూ కలిసి నవ్వుతూ పాడిన ఒక్క నిమిషం. దాని మీద విమర్శ అనవసరం.

సొంత పాటల్లో ‘సీక్రెట్స్’ వాళ్ల పాటలన్నిటిలోకీ నిదానమైన వాటిలో ఒకటి, వింటున్నకొద్దీ నచ్చుతుంది. ‘ఫుల్ బగ్’లో రాత్ మౌతార్గాన్ ఊది రచ్చ చేస్తాడు. కానీ గిటార్ పట్టుకున్నవాళ్లంతా ఈ ఆల్బమ్‌ను భద్రంగా దాచుకునేది రెండు చిన్న ముక్కల కోసం.

ఒకటి ‘కెథీడ్రల్’, నిమిషం 20 సెకన్లు. మొదటిసారి విన్నవాళ్లు చర్చిలో మోగే ఆర్గాన్ అనుకుంటారు. అది గిటారే. తీగను మీటగానే టక్కుమనే శబ్దం ఒకటి వస్తుంది కదా, అదే గిటార్ ఆనవాలు. ఎడ్డీ ఎడమచేతి వేళ్లతో తీగను నొక్కి స్వరం పుట్టించే క్షణంలో వాల్యూమ్ బిరడా సున్నాలో ఉంచుతాడు. స్వరం పుట్టాక కుడిచేత్తో పెంచి మళ్లీ తగ్గిస్తాడు. టక్కు వినపడదు, స్వరం గాలిలోంచి ఉబికి వచ్చినట్టుంటుంది. ప్రతి స్వరానికీ ఇదే పని, అదీ పరుగు మీద. దానికి ఎకో తగిలించడంతో ఒక్కో స్వరం రెండుసార్లు వినబడి, పైపుల ఆర్గాన్ భ్రమ కలుగుతుంది. ఆ బిరడాను అంత వేగంగా తిప్పితిప్పి అది వేడెక్కి బిగుసుకుపోయేదని చెప్పేవాడు.

రెండోది ‘లిటిల్ గిటార్స్’ ముందొచ్చే 42 సెకన్ల నైలాన్ తీగల ముక్క. స్పెయిన్‌లోని ఫ్లమెంకో గిటార్ వాద్యకారులు కుడిచేతి ఐదు వేళ్లతో చేసేదాన్ని చూసి, అది తనకు రాదు కాబట్టి ఎడ్డీ అడ్డదారి కనిపెట్టాడు. పిక్‌తో (తీగలు మీటే బిళ్లతో) పై తీగ ఒక్కదాన్నే ఆపకుండా వణికిస్తూ, ఎడమచేతి వేళ్లను కింది తీగల మీద సుత్తుల్లా కొట్టి మరో వరస పలికించాడు. ఒక్కడు వాయిస్తుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. దాని వెంటనే వచ్చే అసలు పాట, పేరుకు తగ్గట్టే చిన్న సైజు గిటార్ మీద వాయించినది, నా లెక్కలో ఈ ఆల్బమ్‌కు శిఖరం.

ఇన్ని మంచి ముక్కలున్నా ఆల్బమ్ ఎగుడుదిగుడుగా ఎందుకనిపిస్తుంది? వరుసలో వినండి. హుషారు పాట, వేగం పాట, ఆర్గాన్ భ్రమ, నిదానమైన పాట, గరగర శబ్దం, ఆర్బిసన్. రికార్డు తిప్పితే మోటౌన్, ఫ్లమెంకో, రాక్, 1924, బ్లూస్ రచ్చ, కౌబాయ్. పక్కపక్కన ఉన్న రెండు ట్రాకులు ఒకే మూడ్‌లో ఉండవు. పైగా రెండో వైపు మొదలయ్యేదే ‘డాన్సింగ్’తో. ముక్కలుగా బాగుండి, మొత్తంగా నిలబడని రికార్డు ఇది. దానికి కారణం కవర్లు కాదని నా వాదన. ఆ ఐదు కవర్లూ తీసేసి చూడండి, మిగిలిన దానికీ నడుము ఉండదు. సొంత పాటలు ఇంకో మూడు రాసుకునేంత టైమ్ దొరికి ఉంటే ఇవే కవర్లు సరదాగా ఇమిడిపోయేవి, తొలి ఆల్బమ్‌లో ఇమిడినట్టు.

అభిప్రాయాలు చీలడానికి ఇంకో కారణం, ఎవరు ఎప్పుడు విన్నారన్నది. ‘ఫెయిర్ వార్నింగ్’ విని ఏడాది ఎదురుచూసి, డబ్బులు పెట్టి కొన్నవాళ్లకు 1982లో ఇది వెన్నుపోటు. ఆ ఏడు రేడియోలో ‘ప్రెట్టీ వుమన్’ విని మొదటిసారి వచ్చినవాళ్లకు ఇదే వాన్ హేలెన్, ఇదే వేసవి. ఆల్బమ్ పట్టికలో మూడో స్థానం దాకా తీసుకెళ్లింది ఈ రెండో రకం జనమే అని నా ఊహ. ఇప్పుడు ఫోన్‌లో వినేవాడు ‘లిటిల్ గిటార్స్’ తన ప్లేలిస్ట్‌లో వేసుకుని, మిగతాది వినకుండానే బాగుందనేస్తాడు. వాడి లెక్కలో వాడు కరెక్టే. ముప్పై ఒక్క నిమిషాలకు ఖరీదు కట్టాల్సిన అవసరం వాడికి లేదు.

ఆల్బమ్ అట్ట మీద ఉండేది నీటి కింద మనిషి ఉన్నాడని పడవలకు చెప్పే జెండా, ఎర్రటి దాని మీద ఐమూలగా తెల్ల పట్టీ. పైకి కనిపించేదాని కింద ఇంకేదో జరుగుతోందని దీని భావమని రాత్ వివరించాడు. మునిగి చూసిన అభిమానుల్లో సగం మంది నీళ్లు మోకాలి లోతే అంటున్నారు, అది వేరే సంగతి. బ్యాండ్ విషయంలో మాత్రం రాత్ మాట నిజమైంది. కింద జరుగుతున్నది ఎడ్డీకీ అతనికీ మధ్య లాగులాట. రాత్ దృష్టిలో బ్యాండ్ అంటే జనాన్ని ఊపేయడం. పాట ఎవరిదైతేనేం, మోగిందా లేదా? ఎడ్డీకి తన బుర్రలో పుట్టినది పాడుకాకుండా బయటికి రావాలి. ‘డైవర్ డౌన్’లో రాత్ నెగ్గాడు, టెంపుల్‌మన్ అతని పక్షం ఉన్నాడు.

ఎడ్డీ దానికి జవాబు ఇటుకలతో చెప్పాడు. 1983లో ఇంజనీర్ డాన్ లాండీతో కలిసి తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు, పేరు 5150. నిర్మాత, గాయకుడు నిద్రపోయే వేళల్లో తను పని చేసుకోవచ్చు, వరసలు ఎవరూ పట్టుకుపోరు. అక్కడ తయారై 1984 జనవరిలో వచ్చిన ఆల్బమ్‌లో ఒక్క పరాయి పాట కూడా లేదు. రాత్ తన దారి తను చూసుకున్నాడు. 1985లో సొంతంగా నాలుగు పాటల రికార్డు తెచ్చాడు, నాలుగూ కవర్లే. అందులో ‘కాలిఫోర్నియా గర్ల్స్’ మూడో స్థానానికి వెళ్లింది. అదే ఏడు బ్యాండ్ వదిలేశాడు.

మళ్లీ రాత్ గొంతుతో వాన్ హేలెన్ కొత్త ఆల్బమ్ రావడానికి 2012 దాకా పట్టింది. ‘ఎ డిఫరెంట్ కైండ్ ఆఫ్ ట్రూత్’ అనే ఆ రికార్డులో చాలా పాటలు 1970ల డెమోల్లోంచి దుమ్ము దులిపి తీసినవే. కొత్తగా రాసినవి తక్కువని కొందరు గొణిగినా, అభిమానుల్లో ఎక్కువమంది పాత రోజులు తిరిగొచ్చాయని సంబరపడ్డారు. ముప్పై ఐదేళ్ల నాటి సరుకే అయినా వాళ్ల సొంత అటక మీది సరుకు కదా. 1982లో రే డేవిస్ పాటను క్షమించనివాళ్లు ఇలా సంబరపడ్డవాళ్లలో చాలామందే ఉన్నారు.